బాంచెన్ అనని పూట

"తిను బిడ్డా, నీ బాంచెన్, ఒక్క బుక్క," అంటూ భాగ్యమ్మ చిన్న కూతురి నోటి దగ్గర ముద్ద పట్టుకుంది. ముందు గదిలో కిరాయికుంటున్న రత్నమాల బావి దగ్గర బిందె దించి నవ్వింది. ఆమెది తెనాలి వైపు. పెనిమిటి కొత్త ఫ్యాక్టరీలో గుమాస్తా.

"పసిదానికి కూడా బాంచెనేనా భాగ్యమ్మా? అసలా మాటకి అర్థం ఏంటి?"

"అర్థమేముంటదమ్మా. బతిమాలుకునుడు."

అదే ఫ్యాక్టరీకి డ్యూటీకి పోబోతూ సైకిలు తుడుస్తున్న నర్సింహ పెండ్లాం మాటకు అడ్డం వచ్చాడు. "నీ బానిసను అని అర్థమమ్మా. మా తాతలు దొరలకు అనేటోళ్లు. ఇప్పుడు ఊరికెనే అంటం."

అతను ఊరికే అంటాడేమో గాని భాగ్యమ్మ ఎన్నడూ ఊరికే అనలేదు. శేరిలింగంపల్లిలో ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచి ఆ మాట ఆమె నాలుక మీదే ఉంది. పాలు పితికేటప్పుడు కాలు ఝాడించే బర్రెతో అనేది. చెయ్యెత్తినా ఆగని బస్సుతో అనేది. ఒక్క పూట తల్లిగారింటికి పోయొస్తానని అత్త బుచ్చమ్మతో అంటే, "పో, బర్రెను నీ అవ్వొచ్చి పిండుతది" అనేది అత్త. అంతే, ప్రయాణం ఆగేది. నర్సింహ మాత్రం ఆ మాట చీకట్లోనే అనేవాడు. "నీ బాంచెనే, జర ఇటు తిర్గు." అతని నోట అది బతిమాలినట్టు ఉండేది కాదు. కాదంటే తెల్లారి అన్నం కంచం వాకిట్లో పడేది. అందుకని తిరిగేది. అట్లా ముగ్గురు ఆడపిల్లలు.

మూడో కాన్పప్పుడే దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది, ఒంట్లో రక్తం లేదు, ఇంకో కాన్పు వద్దు అని. ఆ సంగతి నర్సింహతో చెప్పి భాగ్యమ్మ అతని కాళ్ల దగ్గర కూచుంది. "నీ బాంచెన్, నువ్వన్న ఆపరేషన్ చేయించుకో, నన్నన్న చేయించుకోనియ్యి."

"మొగపిల్లగాడు లేంది ఆపరేషన్ ఏంది? నలుగురు నవ్వుతరు," అన్నాడతను.

"మేం కనలేదా," అంది బుచ్చమ్మ.

ఆ ఏడే మళ్లీ నెల తప్పింది. ఏడో నెలలో నొప్పులొచ్చాయి. రత్నమాల ఆమె తలను ఒళ్లో పెట్టుకుని ఎడ్లబండిలో దవాఖానకు తీసుకుపోయింది. పుట్టింది మగపిల్లవాడు, పిడికెడంత. ఏడుపు సన్నగా వినిపించి ఆగింది. భాగ్యమ్మకు రక్తం ఆగడం లేదు. కళ్లు మూసుకుపోతుంటే తలుపు దగ్గర నర్సింహ గొంతు వినిపించింది.

"నీ బాంచెనమ్మా, ఎట్లన్న బతికియ్యి."

"నేను చేయగలిగింది చేస్తున్నాను. ముందు తల్లి బతకాలి," అంది డాక్టరమ్మ.

"పిల్లగాడమ్మా. మొగపిల్లగాడు. నీ కాల్మొక్త, వాణ్ని బతికియ్యి."

భాగ్యమ్మ కళ్లు తెరవలేదు. తన పేరు కూడా వస్తుందేమోనని చాలాసేపు చెవి అటే పెట్టి ఉంచింది. పిల్లవాడు సాయంత్రానికి పోయాడు. నర్సింహ గోడకు తల కొట్టుకుని ఏడ్చాడు. ఆమెను ఓదార్చింది రత్నమాలే.

లేచి తిరగగలిగాక, ఒక పొద్దున డ్యూటీకి పోబోయే నర్సింహకు అన్నం పెట్టి భాగ్యమ్మ గడపలో నిలబడింది.

"ఇయ్యాల ఆపరేషన్‌కు పోతున్న. రత్నమ్మ తోడొస్తది. సంతకం కావాలంట. నువ్వు రా."

నర్సింహ చెయ్యి కంచంలోనే ఆగింది. ఇంకేదో అంటుందని ఆమె మొహం చూశాడు. ఎప్పుడూ అనే ఆ మాట రాలేదు.

"నేను రాకపోతే?"

"చందానగర్ నుంచి మా ఎల్లేశమన్న వస్తున్నడు. అన్న పెడ్తడు."

అతను చెయ్యి కడగకుండానే లేచొచ్చాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. బావి దగ్గర రత్నమాల ఉందని కూడా చూసుకోకుండా, పట్టపగలు, అందరూ వినేటట్టు అన్నాడు. "నీ బాంచెనే భాగ్యా. ఒక్కసారి. ఇంకొక్కసారి చూద్దం."

ఆమెకు జాలి వేసింది. అతని ఎంగిలి చెయ్యి పట్టుకుని చెంబుతో నీళ్లు పోసి కడిగింది. కొంగుతో తుడిచింది.

"వద్దు," అంది.