ఫోను బిల్లులో సగం

రొయ్యల మేత అమ్మిపెట్టి, వచ్చే కమీషన్ మీద బతికే రోజారమణికి ఆడిటర్ దగ్గరికి వెళ్లడమంటే ఇంజెక్షను వేయించుకోవడానికి వెళ్లినట్టే. ఈసారి మాత్రం కావలిలో నరేంద్రబాబు ఆఫీసు మెట్లు హుషారుగానే ఎక్కింది. కంపెనీ ముందుగా పట్టుకున్న పన్ను పదమూడు వేలు వెనక్కి వస్తే స్కూటీ ఇంజిను బాగుచేయించుకోవచ్చు. రెండు నెలలుగా చెరువుగట్ల మీద నడిచి నడిచి ఆమె మోకాళ్లు పట్టేశాయి పాపం.

“ఖర్చులన్నీ పోను నీ ఆదాయం ఐదు లక్షల గీతకి రెండు వేలు లోపలుండాదక్కా,” అన్నాడు నరేంద్రబాబు. “గీత దాటిందా, పైసా తిరిగిరాదు. పెట్రోలు, గోడౌను బాడుగ చూసేసినాను. ఇంక ఫోను ఒక్కటే, ఎనిమిది వేల నాలుగొందలు. సొంతానికి మాట్లాడుకున్నది ఖర్చు కింద రాయకూడదు. అందరికీ సగం తీసేస్తాం. తీస్తే నువ్వు గీత దాటిపోతావు. అంతా వ్యాపారానికేనంటే కాల్స్ లిస్టు చూపించాల.”

లిస్టు తెచ్చింది. రోజారమణి ఏ కాగితమూ మరిచిపోయే మనిషి కాదు. అతను సొంత కాల్స్ కింద గీత పెట్టడానికి ఎర్ర పెన్ను తీశాడు. ఏ నంబరు ఎవరిదని అడుగుతుంటే ఆమె చెబుతూ పోయింది. చెరువు రైతు, మేత లారీ, కంపెనీ, ఇంకో చెరువు రైతు. పేజీలు తిరిగాయి. పండగలు గడిచాయి, ఆమెకు జ్వరం వచ్చిన వారం గడిచింది. పెన్ను కాగితాన్ని తాకలేదు.

“భలే అక్కా! ఏడాది మొత్తానికి ఒక్క సొంత కాల్ కూడా లేదు,” అని మెచ్చుకున్నాడు ఆ మహానుభావుడు. అతని మనసులో చెడ్డేమీ లేదు, బుర్రలో లెక్క తప్ప మరేమీ లేదు. “లేవని ఇక్కడొక సంతకం పెట్టు చాలు.”

రోజారమణికి ఏడుపొచ్చింది. తనకెవరూ లేరన్నది తెలియని సంగతేం కాదు. కానీ దాని కింద తానే సంతకం పెట్టాలా?

“సగం తీసెయ్,” అంది.

“ఎందుకక్కా? ఎవురితో మాట్లాడినావు?”

“మా చెల్లెలు స్వర్ణతో. రోజూ చేస్తాది. వాట్సాప్‌లో గదా, లిస్టులోకి రాదు.”

అమ్మ కర్మల నాడు మాటామాటా పెరిగి కోవూరు వెళ్లిపోయిన స్వర్ణ, మూడేళ్లుగా ఈమెతో మాట్లాడిందే లేదు. ఆ సంగతి అతనికెలా తెలుస్తుంది? “డబ్బులు పోతాయక్కా, ఆలోచించుకో,” అన్నాడు. ఆలోచించుకున్నానని ఆమె తల ఊపింది. స్కూటీ బాగుపడే ఆశ అక్కడితో పోయింది.

అతను కాగితం మీద సగం కొట్టేస్తుండగా ఆమె ఫోను మోగింది.

“చెల్లెలేనా?” నవ్వాడు నరేంద్రబాబు.

చెరువు రైతు పోలేరయ్య నంబరది. అంత డబ్బు పోసి చెప్పిన అబద్ధం ఇప్పుడెలా వదులుకుంటుంది? ఫోను చెవికి గట్టిగా ఆనించి, “చెప్పు స్వర్ణా, అన్నం తిన్నావా?” అంది.

అవతల చెరువుగట్టు మీద గాలి హోరుమంటోంది.

“నేను పోలేరయ్యనక్కా,” అన్నాడతను. మళ్లీ మెల్లగా, “ఇంకా తిన్లేదు. నువ్వు తిన్నావా?”

ఆ మాట ఆమెను ఎవరైనా అడిగి మూడేళ్లయింది. రోజారమణి చప్పున లేచి బయటికొచ్చింది. మెట్ల మీద కూర్చుంది. కళ్లు తుడుచుకుని, “లేదు పోలేరయ్యా,” అంది.