రేటు చెప్పాక

కుక్కర్ మూడు విజిల్స్ వేసేలోపు ఒక చెవి పూర్తవుతుంది. కనుబొమ్మకైతే కూర మగ్గేంత సేపు కావాలి. జుట్టు మాత్రం వంటతో పాటు పెట్టుకోకూడదు. పిల్లలు బడికి, ఆయన ఆఫీసుకి వెళ్ళాక, బట్టలు మెషీన్లో వేసి చేయాల్సిన పని అది. పదకొండు నెలలుగా నా పనిని ఇలాగే కొలుచుకుంటున్నాను. వంటింటి గట్టు మీద, ఉప్పు డబ్బాకీ నూనె సీసాకీ మధ్య లాప్‌టాప్ పెట్టుకుని, పోయినవాళ్ళ ముఖాలు బాగుచేస్తాను.

పని మా వదినది. వదిన అంటే ఆయన అక్క. బస్సులు ఆగేచోట, మందుల షాపుకీ చెప్పుల షాపుకీ మధ్య పదడుగుల వెడల్పున్న గది ఆమె స్టూడియో. ముందు భాగంలో ఒక బల్ల, మూడు కుర్చీలు, కంప్యూటరు, గోడకి రేట్ల బోర్డు. తెర వెనక రెండు లైట్లు, ఒక స్టూలు, అద్దం, దువ్వెన. దువ్వెనని దారంతో మేకుకి కట్టేసి ఉంచింది. అంతకుముందు మూడు పోయాయట. పందొమ్మిదేళ్ళుగా ఒక్కతే నడుపుతోంది. మొదట్లో అన్నయ్యగారు, అంటే ఆమె భర్త, "నాలుగు రోజులు సరదా తీరితే అదే మూసేస్తుంది" అన్నారట. ఇప్పుడు మధ్యాహ్నం అన్నం క్యారేజీ తెచ్చేది ఆయనే.

ఒక ఇంట్లో పెద్దావిడ పోతే, వారం తిరక్కుండా కొడుకులు స్టూడియోకి వస్తారు. గోడకి పెట్టడానికి ఫోటో కావాలి. ఆవిడ ఒక్కతే ఉన్న ఫోటో ఉండదు. మగవాళ్ళకి ఉంటాయి. ఉద్యోగంలో చేరినప్పటిది, బండి కొన్నప్పటిది, రిటైరైనప్పటిది. ఆవిడవన్నీ గుంపులోవే. ఎవరి భుజం వెనకో సగం ముఖం. చేతిలో పళ్ళెమో, పసిపిల్లో. అందరూ కెమెరా వైపు చూస్తుంటే, ఎవరికేం కావాలోనని ఆవిడ పక్కకి చూస్తూ ఉంటుంది. ఆ సగాన్ని గుంపులోంచి విడదీసి, లేని సగాన్ని గీసి, ఒక నిండు మనిషిని చేయాలి. పెళ్ళికి ముందు నేను బొమ్మలు వేసేదాన్ని. లాప్‌టాప్ మీద వేయడం వదిన నేర్పింది. ఆమెకి కెమెరా పని తీరిక లేనంత ఉంది. ముఖాల పని నాకిచ్చింది.

"మా అక్కకి సాయం చేస్తోంది" అని ఆయన అందరికీ చెబుతారు. "ఏదో, దానికీ కాలక్షేపం. ఇంట్లో కూర్చునేదే కదా." కూర్చోవడం సంగతి ఆయనకి ఎవరు చెప్పారో తెలియదు. మా వంటింట్లో కుర్చీ లేదు.

మొదటి ముఖం పూర్తి చేసి ఇచ్చిన రోజు వదిన అడిగింది, "ఎంతివ్వమంటావు?"

"మీ ఇష్టం వదినా. ఎంతోకొంత ఇవ్వండి."

"ఎంతోకొంత అనే నోటు ఇంకా అచ్చెయ్యలేదమ్మా. అంకె చెప్పు."

నేను చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి ఆయనతో అంటే, "సొంత అక్క దగ్గర రేటేమిటే, వింటే నవ్వుతారు" అన్నారు. వదిన మాత్రం ఇవ్వడం మానలేదు. కస్టమర్ ఇచ్చినదాంట్లో సగం కవర్లో పెట్టి, కవరు మీద నా పేరుకి బదులు "అంకె చెప్పని మనిషి" అని రాసి పంపేది. ఆ కవర్లు పదమూడు అయ్యాయి.

వదిన రేటు చెప్పడం చూడాలి. వచ్చినవాళ్ళు ఎంతమ్మా అని అడుగుతారు. ఆమె అంకె చెబుతుంది. ఒకసారే. ముందూ వెనకా ఏమీ ఉండదు. కాగితం ఖరీదు పెరిగిందనదు, కరెంటు బిల్లు అనదు, మీకని ఇంత అనదు. చెప్పాక బల్ల సొరుగులోంచి పసుపురంగు గుడ్డ తీసి లెన్సు తుడవడం మొదలుపెడుతుంది. లెన్సు అప్పటికే శుభ్రంగా ఉంటుంది. "అంతా?" అంటారు వాళ్ళు. ఆమె తుడుస్తుంది. "పక్క వీధిలో సగానికే చేస్తున్నారు." తుడుస్తుంది. "పాతవాళ్ళం, కాస్త చూసి చెప్పండి." తుడుస్తూనే ఉంటుంది. ముఖంలో కోపం ఉండదు, చిరునవ్వూ ఉండదు. ఒకసారి గోడ గడియారం చూశాను. నిమిషం మీద పది సెకన్లు. "సరే, ఎప్పటికిస్తారు?" అన్నాడు ఆ మనిషి. అప్పుడు గుడ్డ సొరుగులో పెట్టి, అంతకుముందులాగే మాట్లాడింది.

"వాళ్ళు లేచి వెళ్ళిపోతారని భయం వెయ్యదా వదినా?"

"వేస్తుంది. మరి గుడ్డ ఎందుకనుకున్నావ్? చేతులు వణికితే కనపడకూడదని." తర్వాత అంది, "రేటు చెప్పాక ముందు నోరు తెరిచినవాళ్ళే తగ్గాలి. నువ్వున్నావే, చెప్పకముందే తగ్గిపోతావు."

ఆ మాట ఇంటిదాకా నాతో వచ్చింది. నిజమే. రేపు అమ్మావాళ్ళింటికి వెళ్ళొస్తానండీ అంటాను. ఆయన పేపర్లోంచి తల ఎత్తరు. నేనే మళ్ళీ, వంట చేసే వెళ్తాలెండి అంటాను. చప్పుడుండదు. సాయంత్రానికి వచ్చేస్తాను అంటాను. చప్పుడుండదు. పోనీ వచ్చే వారం వెళ్తాలే అంటాను. "నీ ఇష్టం, నేను వద్దన్నానా?" అంటారు అప్పుడు. వద్దనలేదు. ఆయన ఒక్క మాట ఖర్చు పెట్టకుండా నేను వారం వెనక్కి వెళ్ళాను. పన్నెండేళ్ళ కాపురంలో ఇలా నన్ను నేనే తగ్గించుకున్న బేరాలెన్నో ఆ రోజు గిన్నెలు తోముతూ గుర్తు తెచ్చుకోబోయి, మధ్యలో మానేశాను.

కిందటి నెల ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. పూర్తి చేసినవి ఇవ్వడానికి వెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను. వాళ్ళు తెచ్చిన ఫోటోలో ఇరవై ముగ్గురున్నారు. మూడో వరుసలో, చివర, వాళ్ళమ్మ. ముఖంలో ఎడమ సగమే కనిపిస్తోంది. కుడి సగానికి పెద్దకొడుకు తల అడ్డం.

"నాలుగు వేలు" అంది వదిన. గుడ్డ తీసింది.

"ముఖం మా అమ్మదే కదండీ, మీరు కొత్తగా చేసేదేముంది?" అన్నాడు పెద్దతను.

వదిన తుడిచింది.

"అదే అన్నయ్యా, నీ తల తీసేస్తే చాలు, వెనక అమ్మ ఉంటుందిగా" అన్నాడు రెండోవాడు.

వదిన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నా వైపు చూడలేదు. చూస్తే ఇద్దరం నవ్వేసేవాళ్ళం. మళ్ళీ తుడిచింది. కాసేపటికి పెద్దతను, "శుక్రవారానికి కావాలి" అన్నాడు.

ఆ వారం మా చిన్నదానికి జ్వరం. ఆయన ఆఫీసువాళ్ళు నలుగురు భోజనానికి వచ్చారు. "నాలుగు కూరలే కదా" అన్నారు ఆయన. గురువారం మధ్యాహ్నానికి నా దగ్గర ఉన్నది సగం ముఖమే. ఇలాంటప్పుడు ఒక అడ్డదారి ఉంది. కనిపించే సగాన్ని అద్దంలోలా తిప్పి రెండోవైపు అతికించవచ్చు. ఏ మనిషికీ రెండు సగాలూ ఒకేలా ఉండవు కాబట్టి, అతికించాక కంటిని కాస్త కిందికి, పెదవి కొసని కాస్త పైకి జరపాలి. జరుపుతున్నాను. కుక్కర్ రెండో విజిల్ వేసింది. పాప పిలిచింది. వెళ్ళి మందు వేసి వచ్చి, పెదవి పూర్తి చేసి పంపేశాను.

శుక్రవారం కొడుకులిద్దరూ వచ్చి ఫోటో చూసుకున్నారట. "అచ్చం అమ్మే" అన్నాడట రెండోవాడు. కళ్ళు తుడుచుకున్నాడట. నాలుగు వేలూ ఇచ్చి పట్టుకెళ్ళారు.

తర్వాతి మంగళవారం నేను స్టూడియోలో ఉండగా ఒక పెద్దావిడ వచ్చింది. సంచిలోంచి ఫ్రేము తీసి బల్ల మీద పెట్టింది. మేం చేసిన ముఖమే.

"నేను దీని చెల్లెల్ని" అంది. "మా అక్కకి పుట్టుమచ్చ ఒక్కటే. మీరు రెండు పెట్టారు."

చూశాం. ఎడమ బుగ్గ మీద ఒకటి. కుడి బుగ్గ మీద, సరిగ్గా అంతే దూరంలో, ఇంకొకటి. నా చెవులు వేడెక్కాయి.

"అబ్బాయిలిద్దరూ చూసే తీసుకెళ్ళారమ్మా" అంది వదిన.

"చూస్తారు, చూస్తారు. నలభై ఏళ్ళు అది వడ్డించింది తిన్నారు. కంచంలోకి చూశారు గానీ ముఖంలోకి చూడ్డానికి తీరిక దొరకొద్దూ?"

"తప్పు మాదమ్మా. సరిచేసి ఇస్తాం" అంది వదిన. ఎవరు చేశారో చెప్పలేదు. నా వైపు తిరగనైనా లేదు.

"చేసింది నేనండీ" అన్నాను.

ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "అయితే నీ పక్కన కూర్చుంటాను, పద" అంది.

స్టూడియో కంప్యూటర్ ముందు నేను కూర్చోవడం అదే మొదలు. దాని తెర మా వంటింటి లాప్‌టాప్‌కి రెండింతలు. ఆవిడ చెబుతూ పోయింది, నేను గీస్తూ పోయాను. కుడి కనుబొమ్మలో చిన్న ఖాళీ ఉంటుంది, ఉయ్యాల మీంచి పడింది, నేనే ఊపాను. నవ్వొస్తే కుడి పెదవి ముందు లేస్తుంది, ఎడమది ఆలోచించుకుని లేస్తుంది. కుడి చెవి కాస్త బయటికి, మాకందరికీ అంతే, ఇదిగో నాది చూడు. ఆవిడ చెవి చూసి గీశాను. అలా రెండు గంటల పైన గడిచింది. అంతసేపట్లో నన్నెవరూ పిలవలేదని పని అయ్యాక తట్టింది.

చివరికి కుడి బుగ్గ మీది మచ్చ తీసేశాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని తెరకి దగ్గరగా వంగింది. చాలాసేపు చూసింది.

"వచ్చావటే" అంది. నాతో కాదు.

వదిన లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది. ఆవిడ తాగి, గొంతు సవరించుకుని, "నాకూ ఒకటి తియ్యి. ఒక్కదాన్నే. మావాళ్ళూ ఈ బాపతే, వదిలేస్తే నాకెన్ని మచ్చలు పెడతారో. ఎంత?" అంది.

"మూడు వందలు." వదిన గుడ్డ తీసింది.

ఆవిడ కళ్ళజోడు తీసి, సంచిలోంచి చేతిరుమాలు తీసి, అద్దాలు తుడవడం మొదలుపెట్టింది. వదిన లెన్సు తుడుస్తోంది. ఆవిడ అద్దాలు తుడుస్తోంది. బస్సు వచ్చి ఆగింది, వెళ్ళింది. నేను తెర వైపు తిరిగి పెదవి కొరుక్కున్నాను. గోడ గడియారంలో రెండు నిమిషాలు దాటింది.

"రెండొందల యాభై ఇవ్వండమ్మా" అంది వదిన.

"ఊఁ. అలా దారికి రా."

పందొమ్మిదేళ్ళలో అదే మొదటిసారట. ఆవిడ స్టూలు మీద నిటారుగా కూర్చుని, దువ్వెన తీసుకుని, దారం అడ్డొస్తే ఒక చూపు చూసి, జుట్టు సరిచేసుకుని, కెమెరాలోకి సూటిగా చూసింది. నవ్వమని వదిన చెప్పలేదు.

ఆవిడ వెళ్ళాక వదిన నా పక్కన కూర్చుంది. తిడుతుందనుకున్నాను.

"మొన్నటిది ఎక్కడ కూర్చుని చేశావు?"

"కూర్చోలేదు వదినా. నిలబడి చేశాను."

వదిన నేను కూర్చున్న కుర్చీ చేతి మీద తట్టి అంది, "ఇక ఇది నీది. పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు. వాడికి నువ్వే చెప్పుకో, నేను మధ్యలోకి రాను. వాడు నా తమ్ముడు, నువ్వు నా దగ్గర పనిచేసే మనిషివి. ఆ రెండూ కలపను. ఇప్పుడు చెప్పు. ముఖానికి ఎంత?"

పసుపు గుడ్డ తీసి నా ముందు పెట్టింది.

గొంతులో ఎంతోకొంత ఉంది. మీ ఇష్టం కూడా ఉంది. రెండూ మింగాను.

"రెండు వేలు" అన్నాను. వెనకే, ఎక్కువనిపిస్తే అనే మాట నాలుక మీదికి వచ్చేసింది. గుడ్డ తీసుకుని కీబోర్డు తుడిచాను. ఒక్కో మీటా తుడిచాను. చేతులు వణుకుతున్నాయి. ఆమె చెప్పినట్టే, గుడ్డలో కనపడలేదు.

"సరే" అంది వదిన. లేచి వెళ్తూ, "నేను రెండున్నర అనుకున్నాను. పోనీలే, తొలి బేరం" అంది.

సాయంత్రం ఆయన వచ్చి టీ తాగుతుండగా చెప్పాను. "రేపట్నుంచి స్టూడియోకి వెళ్తున్నానండీ. పదింటికి వెళ్ళి ఐదింటికి వస్తాను."

"రోజూనా?"

నోట్లో మాటలు వరసకట్టి నిలబడ్డాయి. వంట చేసే వెళ్తాలెండి. పోనీ వారానికి మూడు రోజులు. పోనీ పిల్లల పరీక్షలయ్యాక. ఎన్నేళ్ళుగానో వాడుకలో ఉన్న మాటలు, పిలవకపోయినా వస్తాయి. గట్టు మీది లాప్‌టాప్ తెచ్చి ఆయన ఎదురుగా కూర్చున్నాను. తడిగుడ్డతో దాని మీద నూనె మరకలు తుడవడం మొదలుపెట్టాను. పదకొండు నెలల మరకలు.

"పిల్లలు నాలుగింటికి వచ్చేస్తారు కదే?"

తుడిచాను.

"అక్క రమ్మందా? నాతో ఒక్క మాట అనలేదే."

తుడిచాను. మీటల మధ్య పసుపు పట్టి ఉంది.

"అమ్మ వింటే ఏమంటుందో."

తుడిచాను. ఆయన టీ చల్లారింది. కప్పు పైకెత్తి, తాగకుండా కింద పెట్టారు. వీధిలో ఎవరో బండి స్టార్ట్ చేయడానికి నాలుగుసార్లు ప్రయత్నించారు. ఐదోసారికి అయింది.

"నాలుగింటికి… నేను వాళ్ళని బడి నుంచి తెచ్చి ఇంట్లో దింపి వెళ్ళొచ్చులే. ఆఫీసు దగ్గరేగా" అన్నారు.

తల ఎత్తలేదు. ఇంకా వంట సంగతి మిగిలి ఉంది. నేను తుడుస్తూనే ఉన్నాను.