పొగకు గడి లేదు

మన్యంలో చావులు నమోదు చేసే గుమాస్తాను నేను. 1926 నాటి మాట. ఎవరు పోయినా చావుల పుస్తకంలో జ్వరం గడిలో పడేసి, పక్కన ‘కొండగాలి వల్ల’ అని రాసేవాణ్ణి. కొండగాలి చెడ్డదని మైదానంలో పసిపిల్లలకు కూడా తెలుసు మరి!

ఒక కొండ ఊరివాడు సుక్రు ఎనిమిదేళ్ళు కలకత్తా గోనెమిల్లులో పొగ మింగి వచ్చాడు. దగ్గితే నల్లటి కళ్ళె పడేది. మిల్లువాళ్ళది ఎంత జాలిగుండె అనుకున్నారు! కదల్లేని కూలీని అక్కడ చావనివ్వరు, చేతిలో రైలు టిక్కెట్టు పెట్టి ఇంటికి పంపేస్తారు. ఇల్లు చేరిన పన్నెండో రోజున సుక్రు పోయాడు.

చావు ఎవరి పనో తేలందే ఆ ఊళ్ళో చనిపోయినవాడి పేర రాయి నిలబెట్టరు. తేల్చేది దిసారి, వాళ్ళ మంత్రాల పెద్ద. చేటలో బియ్యపు గింజలు వేసి ఒక్కొక్క కొండదేవతనూ అడిగాడు. ఎవరూ ఒప్పుకోలేదు.

“మనోళ్ళ పని కాదు. పట్నం పొగే తినేసినాది,” అని తేల్చాడు.

మర్నాడే సుక్రు పెళ్ళాం సోములమ్మ నా దగ్గరికి వచ్చింది.

“బాబూ, పొగ తినేసిందని రాయి. మా తమ్ముడు మంగ్లు కూడా ఆ మిల్లుకే ఎల్తానంటన్నాడు. దిసారి మాట నమ్మడు, సర్కారు కాగితమైతే నమ్ముతాడు.”

“పొగకు గడి లేదమ్మా,” అన్నాను.

నిజానికి ‘ఇతరములు’ అని ఒక గడి ఉంది. అందులో రాస్తే సంజాయిషీ అడుగుతూ పైనుంచి కాగితం వస్తుంది. ఆ తలనొప్పి నాకెందుకు? జ్వరం, కొండగాలి వల్ల అని రాసి చేతులు దులుపుకున్నాను.

ఆ వారం ముంచింగిపుట్టు సంతకు నేనూ వెళ్ళాను. ఆ మిల్లుకు కూలీలను పోగుచేసే మేస్త్రీ రమణమూర్తి అక్కడ గొంతు చించుకున్నాడు.

“మీ కొండల్లో ఏడాదికి వెయ్యిమందిలో నలభైమంది పోతున్నారు! మా మిల్లులో ఎనిమిదేళ్ళలో ఒక్కడంటే ఒక్కడు చావలేదు! సర్కారు కాగితాలే చెబుతున్నాయి. బతకాలని ఉంటే బేగి రండి!”

ఆ నలభైమందిలో సుక్రు కూడా ఉన్నాడు. రాసింది నేనే. మంగ్లు మేస్త్రీ చాపిన కూలి ఒప్పందం మీద వేలిముద్ర వేశాడు.

సోములమ్మ ఏడవలేదు. తిన్నగా మేస్త్రీ ముందుకు వెళ్ళి నిలబడింది.

“ఒక్క మాట బాబూ. ఈడికి దగ్గొచ్చినప్పుడు ఇంటికి పంపకండి. అక్కడే సావనియ్యండి. ఇక్కడ సస్తే మా గాలి మీద రాసేత్తారు.”

మాట మేస్త్రీతో. చూపు మాత్రం నా మీద. సిగ్గుతో చచ్చిపోయాను. దానికీ నా పుస్తకంలో గడి లేదు.