మావయ్య అడిగిన ఉద్యోగం

గుమ్మం దగ్గర కూర్చుని కర్రపెండలం చెక్కు తీస్తున్నాను. అక్క వసేమదా చక్రాల కుర్చీ వంటింటి నుంచి గుమ్మం దాకా, మళ్ళీ వంటింటి దాకా తిరుగుతూనే ఉంది.

"ఒక్కచోట ఉండవే! నీ చక్రాలకి నా చాప అరిగిపోతోంది" అంది అమ్మ.

"వెళ్ళాల్సింది నువ్వు కాదుగా!"

మధ్యాహ్నం అక్కకి మా దీవుల రాజధాని సువాలోని యూనివర్సిటీలో ఆఖరి ఇంటర్వ్యూ. వికలాంగ విద్యార్థులకి దారులు, గదులు, పరీక్షలు అందుతున్నాయా, అంతా చట్టప్రకారం జరుగుతోందా అని చూసే కోఆర్డినేటర్ ఉద్యోగం. అలాంటిది అక్కడ ఇదే మొదలు. అక్క చదివిందీ అక్కడే. మేడమీది క్లాసుకి కుర్రాళ్ళు ఆమెని బస్తాలా మోసుకెళ్ళేవారు. ఒకసారి వాళ్ళు రగ్బీ చూడడానికి పోతే ఆమె పరీక్ష పోయింది. అప్పటి నుంచి ర్యాంపు కోసం అర్జీలు పెడుతూనే ఉంది. ఈ ఉద్యోగం మీద ఆమెకి ఎంత ఆశో మా అందరికీ తెలుసు.

ఇంతలో అమ్మకి అన్న అయిన సవెనదా మావయ్య వచ్చాడు. నిన్ననే ఊరి నుంచి వచ్చి చుట్టాలింట్లో దిగాడట. చాప మీద బాసింపట్టు వేసుకుని, "ఇంక కంగారు పడకు తల్లీ. పని అయిపోయింది" అన్నాడు.

"ఏం పని?"

"రాత్రి తుకానా ఇంటికెళ్ళాను. యంగోనా వేళ్ళ కట్ట ముందు పెట్టి, మా పిల్లకి ఆ ఉద్యోగం ఇప్పించు బాబూ అన్నాను. పుచ్చుకున్నాడు. చప్పట్లు కూడా కొట్టాడు."

డాక్టర్ తుకానా ఆ ఇంటర్వ్యూ కమిటీకి పెద్ద. యంగోనా అంటే మా వాళ్ళు వేళ్ళు దంచి పానీయం చేసుకునే మొక్క; ఆ కట్ట పుచ్చుకుని చప్పట్లు కొట్టాక అడిగింది కాదనడం ఉండదు.

కుర్చీ ఆగిపోయింది.

"ఎంత పని చేశావు మావయ్యా!"

"మేనమామ చేయాల్సిందే చేశాను. నువ్వు ఇన్నేళ్ళు కాగితాలతో అడిగితే ర్యాంపు వేశారా? నాకు చెప్పుంటే రెండు కట్టలతో వారంలో వేయించేవాణ్ణి!"

అమ్మ పకపకా నవ్వింది. అక్కకీ నవ్వొచ్చింది కానీ నిలవలేదు.

"ఇంటర్వ్యూకి ఇంకొకతను వస్తున్నాడు. చూపు లేదు. అవతలి దీవిలోని లంబాసా నుంచి ఓడెక్కి వచ్చాడు. అతని తరఫున ఎవరు వెళ్ళారు?"

"అతనికీ ఓ మేనమామ ఉంటాడులే."

"గదిలో అడుగుపెట్టగానే అందరి ముందూ ఇది చెప్పేస్తాను."

"చెప్తే నిన్నే తీసేస్తారే పిచ్చిదానా" అంది అమ్మ.

మావయ్య గొంతు తగ్గిపోయింది. "నేను పెట్టిన కట్ట నీ మాటతో వెనక్కొస్తే, ఊళ్ళో నలుగురిలో ఎలా కూర్చోను తల్లీ?"

చెక్కు తీసిన దుంపనే మళ్ళీ చెక్కుతున్నానని చూసుకుని ఆపాను. బయట వానలో టాక్సీ హారన్ మోగింది.

పెద్దలు కూర్చున్న చోటు దాటుతూ "తిలోవ్" అని మన్నింపు అడగడం, వంగి నడవడం మాకు పుట్టుకతో వచ్చిన అలవాటు. కుర్చీలో వంగి నడవడం కుదరదు కనుక, అక్క ఆ మాట అందరికంటే మెత్తగా, తల దించి అనేది.

కుర్చీ చాప అంచు వెంట మావయ్య పక్కకి వచ్చింది. దారికి అడ్డంగా ఉన్న మోకాలిని ఆయన మెల్లగా వెనక్కి లాక్కున్నాడు. అక్క ఈసారి ఆ మాట అనకుండా, తల దించకుండా ఆయన్ని దాటి, గుమ్మం ముందు వాలుగా వేసిన చెక్క మీదుగా వానలోకి దిగిపోయింది.