సైన్ ముప్పై అడగండి

నేను ఒక కాలిక్యులేటర్‌ని. ఫ్యాక్టరీలో నన్ను బిగించిన చేతులు గుర్తులేవు గానీ, బయటికొచ్చినప్పటి నుంచీ అందరూ నాకు లెక్కలొచ్చనే నమ్ముతున్నారు. అయ్యో, నాకేం రావండీ! నొక్కినదానికి పలకడమే వచ్చు.

మా గోదావరి జిల్లా పాలిటెక్నిక్ హాస్టల్లో సీనియర్ల కాలిక్యులేటర్ జూనియర్లకు చేరడం ఆనవాయితీ. అలా ఎలక్ట్రికల్ చదివే షబానా నన్ను సివిల్ చదివే హిమబిందు చేతిలో పెట్టింది.

"తీస్కెళ్లవే, బంగారంలాంటిది. ఒక్క తప్పు చెప్పదు," అంది.

అక్కడే వచ్చింది చిక్కు. కరెంటు లెక్కల కోసం షబానా నన్ను రేడియన్లలో పెట్టి అలాగే వదిలేసింది. ఇక డిగ్రీల్లో కోణమిచ్చినా నేను వేరే కొలతలో తీసుకుంటాను. తెర మూల చిన్న అక్షరం ఒకటి ఆ సంగతి చెబుతూనే ఉంటుంది, చూసేదెవరు?

బిందుకి లెక్కలొక్కటే మిగిలిపోయాయి. ఈసారీ తప్పితే కాలవల సర్వే కంపెనీవాళ్లు ఇస్తామన్న ఉద్యోగం పోతుంది. పరీక్ష హాల్లో ఆ పిల్ల చేతి చెమటకి నా మీటలన్నీ తడిసిపోయాయి. నలభై మీటర్ల దూరం నుంచి చూస్తే టవర్ కొస ముప్పై డిగ్రీల కోణంలో కనిపిస్తోంది, ఎత్తెంత? గబగబా నొక్కింది. మైనస్ రెండు వందల యాభై ఆరు అన్నాను, ఏమాత్రం తడుముకోకుండా.

కలం కాగితం మీదికి వెళ్లింది. రాయకే తల్లీ, రాయకు! లోపల గిలగిల్లాడిపోయాను. నోరుంటేగా?

"టవర్ భూమిలోకి దిగిపోయిందేంటి?" అని గొణిగి ఆగింది.

"మాటలొద్దమ్మా," అని కసిరారు సారు.

మళ్లీ నొక్కింది. మళ్లీ అదే అన్నాను. పాపం, కళ్లనిండా నీళ్లు. ఏమనుకుందో, నన్ను పక్కకు నెట్టి ఓ మూల త్రిభుజం గీసింది. కోణం నలభై అయిదైతే ఎత్తు దూరమంతే ఉంటుంది; ఇది అంత కూడా లేదు, ఎత్తు నలభై దాటడానికి వీల్లేదు. నా వంక కొరకొరా చూసి, జవాబు తనకి కంఠతా వచ్చిన సైన్ ముప్పై అడిగింది. అర అనాల్సింది, దాదాపు మైనస్ ఒకటన్నాను. అప్పుడు పడింది ఆమె కన్ను తెర మూల అక్షరం మీద. నన్ను డిగ్రీల్లోకి మార్చి ఎత్తు మళ్లీ అడిగింది. ఇరవై మూడు మీటర్లు. హమ్మయ్య అనుకున్నాం ఇద్దరం.

పాసైంది. ఉద్యోగానికి వెళ్తూ నన్ను తన జూనియర్‌కిచ్చింది.

"బాగా పనిచేస్తుందా అక్కా?"

"ముందు సైన్ ముప్పై అడుగు. అర అంటేనే నమ్ము. అప్పుడు కూడా నీ బుర్ర పక్కన పెట్టకు."

ఇప్పుడు ప్రతి పరీక్షలోనూ ప్రశ్నపత్రం రాకముందే ఎవరో ఒకరు నన్ను ఆ మాట అడుగుతారు. కిందటి చేతులు నన్నెలా వదిలాయో నాకు తెలియదు. తెర మీద అర కనబడేదాకా నాకు ఊపిరాడదు.