ఫుల్ కిట్టు

నీళ్ల క్యాన్లు వేసే మనిషి మోటారు సైకిళ్ల షోరూము గాజు తలుపు దగ్గర నిలబడి అరుస్తున్నాడు. ఎండ ఇంకా ముదరనే లేదు, ఆయన గొంతు అప్పుడే బొంగురుపోయింది. ఇంజను పట్టేసిన బండిని ఎక్కడి నుంచో తోసుకుంటూ వచ్చాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. కంపెనీ వారంటీ అయిపోయాక కూడా మూడేళ్లు కాపాడుతుందని చెప్పి అమ్మిన ఎక్స్‌టెండెడ్ వారంటీ కాగితం చేతిలో నలిగి ఉంది.

"వెనక లోడ్ క్యారియరు ఉంది కదండీ," అన్నాడు మేనేజరు, పిల్లాడికి పాఠం చెప్పినంత ఓపికగా. "బండికి మార్పులు చేస్తే వారంటీ చెల్లదు. రూలు."

"బిగించింది మీరే కదయ్యా! క్యారియరూ మీ దగ్గరే, వారంటీ మీ దగ్గరే. ఒకే బిల్లు. అమ్మినావిడ అదిగో, అక్కడే ఉంది, అడుగు!"

ఆవిడ తల ఎత్తలేదు. కౌంటరు మీద సర్దిన సీటు కవర్లనే మళ్లీ సర్దింది.

ఆవిడను షోరూములో అందరూ కిట్టక్క అంటారు. కొత్త బండి కొన్నవాళ్లకు ఫుల్ కిట్టు అంటగట్టడం ఆవిడ ఉద్యోగం. ముందు గార్డు, సీటు కవరు, ట్యాంకు కవరు, రబ్బరు మ్యాట్లు, పాలిష్, వెనక క్యారియరు, వీటన్నిటి నెత్తిన ఎక్స్‌టెండెడ్ వారంటీ. అన్నీ కలిపి పద్నాలుగు వేల ఆరు వందలు. ఆవిడ జీతం పన్నెండు వేలు. నెలకు ఇరవై కిట్లు పోకపోతే అందులో సగం కోత. రెండు నెలలుగా సగమే వస్తోంది.

క్యారియరు పెడితే వారంటీ పోతుందని ఆవిడకు తెలియదా అంటే, చేరినప్పుడు తెలియదు. తర్వాత ఇలాంటి బండే ఒకటి తిరిగొచ్చినప్పుడు తెలిసింది. మేనేజరును అడిగితే, "అందరికీ ఇంజన్లు చెడతాయా ఏంటమ్మా? చెడిన రోజు చూసుకుందాం," అన్నాడు. ఆ చెడిన రోజు ఎవరి నెత్తిన పడుతుందో ఆయన చెప్పలేదు, ఈవిడ అడగలేదు. అడిగే నోరు ఇంటద్దె దగ్గరే మూతపడింది.

ఇంట్లో మొగుడున్నాడు. లేతు మిషను మీద పనిచేసేవాడు. మిషను కుడిచేతి మూడు వేళ్లు తీసుకుంది, యజమాని నెల జీతం చేతిలో పెట్టి దణ్ణం పెట్టాడు. ఇప్పుడు రోజూ పొద్దున ఎడంచేత్తో ఆవిడ యూనిఫాం కోటు ఇస్త్రీ చేసి, మడత నలగకుండా అందిస్తాడు. "నీ కోటే మన ఇంటి కప్పు," అంటాడు నవ్వుతూ. ఆ నవ్వు చూస్తే ఆవిడకు ఏడుపొస్తుంది.

ఈ రోజు నెలాఖరు. పంతొమ్మిది కిట్లు పోయాయి. "సాయంత్రానికి ఇరవయ్యోది పడకపోతే రేపు కోటు తెచ్చి అప్పజెప్పెయ్," అని పొద్దున్నే చెప్పాడు మేనేజరు.

నీళ్ల క్యాన్లాయన అరిచి అరిచి అలిసిపోయాడు. బండి తీసుకెళ్లడానికి తోడు వస్తానన్న మనిషి రాకపోవడంతో బయట మెట్ల మీదే కూర్చుండిపోయాడు. గాజులోంచి ఆయన వీపు కనిపిస్తూనే ఉంది. ఆవిడ కుర్చీ ఎటు జరుపుకున్నా ఆ వీపు కనిపించింది.

మధ్యాహ్నం దాటాక గుడ్లాయన, ఆయన భార్య వచ్చారు. బేకరీలకు గుడ్ల ట్రేలు వేసే మనుషులు. పొద్దున్నే ముందు సొమ్ము ఇరవై వేలు కట్టి, పాత బండిని మార్పిడి కింద ఇచ్చేసి వెళ్లారు. కొత్త బండి తీసుకుపోవడమే మిగిలింది. ఇద్దరూ ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకున్నారు. బండి చూడగానే ఆయన ముఖం విప్పారింది. ముట్టుకోబోయి, చెయ్యి పంచెకు తుడుచుకుని మరీ ముట్టుకున్నాడు.

"కూర్చో అన్నా. కూర్చో వదినా," అంది కిట్టక్క. వరసలు కలపడం కూడా ఇక్కడ ట్రైనింగులో నేర్పిస్తారు.

గార్డు చూపించింది, కవరు చూపించింది. ఆయన ప్రతిదానికీ తలూపాడు. క్యారియరు దగ్గరికి వచ్చేసరికి లేచి నిలబడ్డాడు. "ఇదీ కావలసింది! దీని మీద ముప్పై ట్రేలు పడతాయి. ఇది లేకపోతే మాకు బండే దండగ, చెల్లెమ్మా."

"వారంటీ కూడా తీసుకుంటే..." అని మొదలుపెట్టింది. అంతలోనే ఆపేసింది.

భార్య ముందుకు వంగింది. మాట తక్కువ మనిషి, కానీ అడిగితే సూటిగా అడిగే రకం. "నా చెవులవి అమ్మి కట్టాం పొద్దున. మా వీధులన్నీ గుంటలు. రోజూ అంత బరువు మోస్తుంది. రేపు ఇంజను చెడిపోతే నిజంగా బాగుచేసి ఇస్తారా అమ్మా? నీ మాట మీదే తీసుకుంటాం."

అవుననడానికి ఒక్క క్షణం చాలు. ఆవిడ చాలాసార్లు అన్న మాటే. అన్న ప్రతిసారీ ఇంట్లో పొయ్యి వెలిగింది. ఈసారి మాత్రం కక్కలేక మింగలేక గాజు వైపు చూసింది. మెట్ల మీద ఆ వీపు.

"క్యారియరు పెడితే వారంటీ పనిచేయదు వదినా."

"అదేంటి? రెండూ నువ్వేగా అమ్మేది?"

"అవును. నేనే. బయట కూర్చున్నాయనకూ నేనే అమ్మాను. పొద్దున ఆయన బండిని మేము ముట్టుకోను కూడా లేదు."

గుడ్లాయనకు కోపం వస్తుందనుకుంది. రాలేదు, భయం వచ్చింది. "అయితే వారంటీ తీసెయ్ చెల్లెమ్మా. క్యారియరు ఒక్కటి ఉంచు. దానికేం, అంతే కదా?" అన్నాడు, అంతే అని ఎవరైనా చెబితే బాగుండునన్నట్టు.

ఆ మాట మేనేజరు చెవిన పడింది. నవ్వుతూనే వచ్చాడు. "ఫుల్ కిట్టు లేనిదే బండి గడప దాటదండీ. అందరికీ ఇదే పద్ధతి. వద్దంటారా, బుకింగ్ రద్దు చేస్తాం. కట్టింది వాపసు రావడానికి నెల పడుతుంది. మీ పాత బండి పాత బళ్ల యార్డుకు వెళ్లిపోయింది, అది మాత్రం రాదు."

"నెలా? రేపు తెల్లారేసరికి ట్రేలు దించకపోతే బేకరీలవాళ్లు ఇంకొకడిని చూసుకుంటారయ్యా!"

"అందుకే చెప్తున్నా. వారంటీ మీ మంచికే."

గుడ్లాయన భార్య వైపు తిరిగాడు. "ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏం చేద్దామే?"

"తెలియక పడితే మన ఖర్మ అనుకుని ఏడుస్తాం," అంది ఆమె. "తెలిసి కూడా పడమంటావా?"

ఆయన సంతకం పెట్టాల్సిన కాగితం దగ్గరికి లాక్కున్నాడు, మళ్లీ కొంచెం అవతలికి జరిపాడు. మేనేజరు కిట్టక్క చెవి దగ్గరకు వంగాడు.

"గంట కొట్టు. ఇరవయ్యోది. ఇది పడితే జీతం పూర్తి, నువ్వు చేసిన నిర్వాకం కూడా మర్చిపోతాను."

ఆ గంట సంగతి చెప్పాలి. తలుపు పక్కన, చెయ్యి అందే ఎత్తులో ఒక ఇత్తడి గంట వేలాడుతుంది. ఫుల్ కిట్టు అమ్ముడైతే దాన్ని మోగిస్తారు. అయితే సంతకం పెట్టాక కాదు, పెట్టే ముందు. గంట మోగగానే షోరూములో వాళ్లందరూ లేచి చప్పట్లు కొడతారు, ఒకడు ఫోటో తీస్తాడు. పుట్టి బుద్ధెరిగాక తన కోసం ఎవరూ చప్పట్లు కొట్టని మనిషి ఆ హోరులో సిగ్గుపడి నవ్వుతాడు. అంతమంది ముందు వద్దనడానికి నోరు రాదు, సంతకం పెడతాడు. గంట మోగాక వద్దన్నవాడిని ఆవిడ ఇంతవరకూ చూడలేదు. నీళ్ల క్యాన్లాయన కూడా ఆ రోజు నవ్వాడు. కిట్టక్కకు వంగి నమస్కారం కూడా పెట్టాడు.

ఆవిడ లేచి గంట దగ్గరికి నడిచింది. అలవాటు ప్రకారం అందరూ కుర్చీల్లోంచి లేచారు, చేతులు పైకెత్తారు. ఇంటద్దె గుర్తొచ్చింది. కోటు అందించే ఎడంచెయ్యి గుర్తొచ్చింది. రేపు ఏం తింటాం అనుకుంది.

"కొట్టు," అన్నాడు మేనేజరు.

"నేను కొట్టను సార్."

అంత చిన్నగా అంది కాబట్టి ఆయనకు వినిపించలేదేమో అనుకుంది. వినిపించింది. "ఏమన్నావ్?"

"వాళ్లకు వద్దనే వీలుండాలి సార్. గంట కొడితే ఉండదు."

"మహా తల్లివి!" పళ్లు కొరికాడు మేనేజరు. "నీ చేత కాకపోతే గంట మోగదా?" పెద్ద అంగల్లో వచ్చి తాడు అందుకున్నాడు.

ఆవిడ ఏమీ ఆలోచించలేదు. చెయ్యి పైకెత్తి గంట నాలుకను పిడికిట్లో బిగించి పట్టుకుంది. ఆయన తాడు లాగాడు. ఇత్తడి ఆవిడ వేళ్లకు తగిలి తుస్సుమంది. మళ్లీ లాగాడు, ఇంకా గట్టిగా. కణుపుల దగ్గర చర్మం చిట్లింది. పిడికిలి వదల్లేదు.

"వదులు. వదలకపోతే ఆ కోటు ఇప్పుడే విప్పి ఇవ్వు."

కోటు విప్పాలంటే చెయ్యి వదలాలి. ఆవిడ వదల్లేదు.

చప్పట్ల కోసం ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నాయి, దించాలో కొట్టాలో ఎవరికీ తెలియలేదు. గాజుకు అవతల నీళ్ల క్యాన్లాయన మెట్ల మీంచి లేచి లోపలికి చూస్తున్నాడు. బల్ల దగ్గర గుడ్లాయన పెన్ను మూత తీసి, సంతకం పెట్టాల్సిన చోట చెయ్యి ఆనించి ఉన్నాడు. ఆ చేతి మీద భార్య తన చెయ్యి వేసింది. ఇద్దరూ గంట వైపే చూస్తున్నారు.