ఆగినందుకు చప్పట్లు

నేను ఒక ట్రాలీ ఆటోను. ముందు ఒక చక్రం, వెనక రెండు, సరుకు వేసుకోవడానికి ఇనప తొట్టి. నన్ను బిగించిన ఫ్యాక్టరీలో ప్రతి బండినీ ఖాళీ తొట్టితో పది నిమిషాలు ఆవరణలో తిప్పి, అద్దం మీద 'పాస్' అని చీటీ అంటించేవారు. నేనూ పాసయ్యాను. పది నిమిషాల పరీక్ష నెగ్గినవాళ్ళకుండే ధీమా అంతా నాకుండేది.

నన్ను కొన్నది కడియం మనిషి, గంటి మంగతాయారు. పన్నెండేళ్ళు నర్సరీల్లో కూలికి అంట్లు కట్టింది. ఇక మొక్కలు తనే కొని ఊరూరా తిరిగి అమ్ముకోవాలని, నలభయ్యో ఏట డ్రైవింగు నేర్చుకుంది. షోరూమ్ మేనేజరు తాళం ఇస్తూ, "ఎవరు తోల్తారమ్మా?" అని అడిగాడు.

"నేనేనండి," అంది.

అయినా అతను ఆమె వెనక మగవాళ్ళెవరైనా ఉన్నారేమోనని ఒకసారి చూశాడు. ఉన్నది తోడికోడలు సత్యవేణి ఒక్కతే.

మర్నాడే గులాబీలు, క్రోటన్లు, జామ అంట్లు నిండా ఎక్కించుకుని మండపేట వైపు బయల్దేరాం. ముందు సీట్లో ఇద్దరూ ఇరుక్కుని కూర్చుని, ఎదురొచ్చిన ప్రతి బండినీ చూసి నవ్వుకున్నారు. నేనూ ఊపు మీదున్నాను. ద్వారపూడి దాటాక చడీచప్పుడూ లేకుండా ఆగిపోయాను. ఎంత గింజుకున్నా కదల్లేదు. అరగంట తర్వాత మంగతాయారు తాళం తిప్పగానే, ఏమీ ఎరగనట్టు మళ్ళీ కదిలాను.

అదీ నా జబ్బు. బరువుతో అరగంట నడిచి వేడెక్కితే ఆగిపోతాను. చల్లారితే లేస్తాను. షోరూమ్ వెనకున్న సర్వీసు సెంటరుకు తీసుకెళ్ళేసరికి చల్లారే ఉంటాను కాబట్టి, అక్కడ నా అంత బుద్ధిమంతురాలు ఉండదు. ఏడుసార్లు వెళ్ళాం. ఏడుసార్లూ మేనేజరు ఒకే మాట అన్నాడు. "బండి బాగానే ఉందమ్మా. మీకే గేర్లు అలవాటు కాలేదు."

నేను సిగ్గుతో కుంగిపోయాను. ఆమె చెప్పేది నిజమని నాకు తెలుసు. చెప్పే నోరే లేదు.

ఆ నెలలో సగం మొక్కలు రోడ్డు పక్కనే వాడిపోయాయి. ఒకరోజు సత్యవేణి విసిగిపోయింది. "అక్కా, దీన్ని ఎవరికో ఒకరికి అమ్మేసెయ్. వదిలిపోద్ది."

"అమ్మితే మన ఏడుపు ఇంకోళ్ళింటికి పంపినట్టే కదే," అంది మంగతాయారు. "చేసినోళ్ళే వెనక్కి తీసుకోవాల."

అప్పట్నుంచి నేను ఆగిన ప్రతిసారీ తేదీ, చోటు, ఎన్ని నిమిషాలకు ఆగానో పుస్తకంలో రాసింది. ఆ పుస్తకంతో రాజమండ్రిలో వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు ఇచ్చింది. వకీలును పెట్టుకోలేదు.

వాదనల రోజు నేను బయట చెట్టు కింద నిలబడ్డాను. లోపల జరిగింది తిరుగుదారిలో సత్యవేణి రెండుసార్లు చెప్పింది కాబట్టి నాకు బాగా గుర్తు. కంపెనీ వకీలు, "ఈవిడ వ్యాపారస్తురాలు. వినియోగదారు కిందికి రాదు," అన్నాడట. కమిషన్ అధ్యక్షురాలు మంగతాయారు వైపు తిరిగి, మీరేమంటారని అడిగారట.

"నేనే తోల్తానండి. మొక్కలు నేనే ఎక్కిస్తాను, నేనే దింపుతాను, నేనే కేకేసి అమ్ముతాను. నా కింద జీతగాళ్ళెవరూ లేరండి. ఈవిడ మా తోడికోడలు. నా మాట అసలు వినదు."

అధ్యక్షురాలు నవ్వు ఆపుకుని, పొట్టపోసుకోవడానికి సొంతంగా తోలుకునేవాళ్ళు కూడా వినియోగదారులేనని చెప్పి, నన్ను నిపుణుడి చేత పరీక్ష చేయించమన్నారట.

నిపుణుడంటే పాలిటెక్నిక్‌లో మెకానికల్ లెక్చరరు ఉమామహేశ్వరంగారు. తక్కువ మాట్లాడే మనిషి. "తొట్టి నిండా బరువు ఉండాలి," అని మాత్రం అని, మంగతాయారు పక్కన కూర్చున్నారు. సత్యవేణి మొక్కల మధ్య సర్దుకుంది. మేనేజరు మోటారు సైకిలు మీద వెంట వచ్చాడు.

ఆ రోజు ముసురు పట్టింది. చల్లని గాలి. అరగంట గడిచింది, ఆగలేదు. నలభై నిమిషాలైంది, ఆగలేదు. మేనేజరు పక్కకొచ్చి చిరునవ్వు నవ్వి వెళ్ళాడు. మంగతాయారు ఇంకాస్త వేగం పెంచింది. ఇన్నాళ్ళూ ఆగకూడదని తపించిన నేను, ఆ రోజు మాత్రం ఆగితే బాగుండునని కోరుకున్నాను. కానీ నడవడం ఎలా నా చేతిలో లేదో, ఆగడమూ అంతే.

"పోనీ, ఆ హైవే వంతెన ఎక్కించండి," అన్నారు ఉమామహేశ్వరంగారు.

ఎక్కుతుంటే ఒళ్ళంతా వేడెక్కింది. సరిగ్గా వంతెన నడుమ గుటుక్కుమని ఆగిపోయాను.

వెనక సత్యవేణి చప్పట్లు కొట్టింది. మంగతాయారు కిందికి దిగి, నా ముందు అద్దాన్ని రెండు చేతులతో నిమిరింది. వెనక లారీలు వరసకట్టి హారన్లు మోగించాయి. ట్రాఫిక్ కానిస్టేబుల్ పరుగెత్తుకొచ్చి నోటికొచ్చినట్టు తిట్టాడు.

"తిట్టండి బాబూ," అంది ఆమె నవ్వుతూ. "ఎంతసేపైనా తిట్టండి. ఎన్ని గంటలకు ఆగిందో మాత్రం చూసి చెప్పండి."

ఉమామహేశ్వరంగారు నడిరోడ్డు మీదే సీటు ఎత్తి, మీటరు పెట్టి చూశారు. ఇంజనుకు కరెంటు తీసుకెళ్ళే తీగల కట్టలో ఒకటి వేడికి సాగి, లోపల్లోపల విడిపోతోంది. "ఇది తోలేవాళ్ళ తప్పు కాదు. తయారీలోనే ఉంది," అన్నారు. మేనేజరు హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని, మొదటిసారి మంగతాయారును 'మేడమ్' అన్నాడు.

తీర్పు రెండు నెలల్లో వచ్చింది. నా ఖరీదు వడ్డీతో తిరిగి ఇవ్వాలి, నన్ను వెనక్కి తీసుకోవాలి. ఆ డబ్బుతో ఆమె వేరే బండి కొనుక్కుంది. నన్ను అప్పగించే రోజున తొట్టిలో అంటిన మట్టి కడిగి, పొడిగుడ్డతో తుడిచి, "నీ తప్పేం లేదులే," అంది.

ఇప్పుడు నేను కంపెనీవాళ్ళ శిక్షణ కేంద్రంలో ఉన్నాను. మూతలన్నీ తీసేసి నా లోపలి తీగలు మెకానిక్కులకు చూపిస్తుంటారు. మొన్న పాఠం చెప్పే ఆయన అంటుంటే విన్నాను. నాలాంటి తీగలే వేసిన నాలుగు వందల బళ్ళను వెనక్కి పిలిపించి, తీగలు మార్చి పంపించారట. ఎక్కడెక్కడి రోడ్ల మీదో అవన్నీ ఇవాళ కూరగాయలతో, పాలక్యాన్లతో, పెళ్ళి సామాన్లతో ఆగకుండా తిరుగుతున్నాయి. వాటిని తోలేవాళ్ళలో ఒక్కరికి కూడా మంగతాయారు ఎవరో తెలియదు.